తప్పు లెక్క చెరపకండి
(ఉగాది ఉత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



వేపపూత పచ్చడి తిన్నాము. పంచాంగ శ్రవణం అయినది. ఎవరి ఆదాయమెంతో, ఎవరి వ్యయమెంతో, ఎవరికి రాజపూజ్యమో, ఎవరికి అవమానమో అంకెలతో సహా విన్నాము. ఆ వెంటనే మళ్లీ లెక్కలమీద ప్రసంగమంటే పాపం పిల్లలకు కష్టమే. మిఠాయి పంచేదాకా కూర్చోమని వారిని బతిమాలుకుంటున్నాము.

మేము పండితులము కాము. హిందూపురం పక్క పల్లెలో పుట్టి, మెట్రిక్యులేషనుతో చదువు చాలించి, రైల్వేలో గుమాస్తాగా చేరి, బదిలీమీద ఈ ఊరు వచ్చినవారము. లెక్కల బోధనను గురించి మాట్లాడే అర్హత మాకేమున్నదని కార్యదర్శిగారిని అడిగాము. "రోజూ డబ్బు లెక్కపెట్టేవాడివి, ఇంట్లో లెక్కలంటే భయపడే పిల్ల ఉన్నవాడివి, ఇంకేమి అర్హత కావాలి నాయనా" అన్నారు. పెద్దల మాట కాదనలేక నిలబడ్డాము.

మొదట మా కచేరీ సంగతి ఒకటి చెప్పాలి. టికెట్టు కంప్యూటరే కొట్టి ఇస్తుంది, రోజు మొత్తమూ అదే చెబుతుంది. అయినా డ్యూటీ దిగేటప్పుడు సొరుగులో ఉన్న నోట్లు మేమే లెక్కపెట్టి, ఏ నోట్లు ఎన్ని ఉన్నవో చీటీమీద రాసి కూడాలి. తక్కువ వస్తే ఆ తక్కువ మా జేబులోంచి కట్టాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక రాత్రి 270 రూపాయలు తక్కువ వచ్చినవి. చీటీమీది కూడిక మూడుమార్లు చేశాము. మూడుమార్లూ 270 తక్కువే. ఆ రోజుల్లో మాకు అది చిన్న సొమ్ము కాదు. జేబు తడుముకుంటూ కూర్చుని ఉండగా పక్క సీటులోని పెద్దాయన తల ఎత్తకుండానే, "కూడిక మళ్లీ చేయకు తమ్ముడూ. ఆ తేడాను తొమ్మిదితో భాగించు" అన్నారు. భాగించాము. శేషం లేకుండా 30 వచ్చినది. "అయితే ఎక్కడో రెండంకెలు తారుమారు చేసి ఉంటావు. కట్టలు విప్పి చూడు" అన్నారు. చూస్తే పది రూపాయల నోట్లు 63 ఉన్నవి. చీటీమీద మేము 36 అని రాశాము.

ఆ పెద్దాయన డబ్బును వెదకలేదు, మేము తప్పిన దారిని వెదికారు. మేమేమో మూడుమార్లూ రాసిన చీటీనే చూసుకుంటున్నాము. ఆ చీటీ రాసేవేళ మా బుర్ర ఏమి చేసినదో చూసుకోవాలని మాకు తోచనే లేదు. పది తరగతులు చదివాము, ఆ పదేళ్లలో ఒక్క అయ్యవారైనా అలా చూసుకోమని మాకు చెప్పలేదు. జవాబు సరిగా వస్తే కూర్చోమన్నారు, రాకపోతే చేయి చాపమన్నారు. వారిని తప్పుపట్టడానికి చెప్పడం లేదు. వారికీ ఎవరూ చెప్పి ఉండరు.

ఇక ఇంటి సంగతి. మా అమ్మాయి ఏడవ తరగతి. ఒకనాడు సగమూ మూడోవంతూ కూడమంటే "ఐదింట రెండు" అని రాసి చూపించినది. అంటే పైవాటిని పైవాటితో, కిందివాటిని కిందివాటితో కలిపివేసినది. డ్యూటీ దిగి అలసి వచ్చి ఉన్నాము. కాగితం చించి పారవేశాము. అనరాని మాట ఒకటి కూడా అన్నాము, దానిని ఈ సభలో చెప్పము. పిల్ల ఏడవలేదు. అప్పటినుండి మాత్రం మా ముందు లెక్కల పుస్తకం తెరవడం మానుకున్నది. అడిగితే "అయిపోయింది నాన్నా" అనేది. ఒకరోజు ఆమె లేనప్పుడు నోటుపుస్తకం తీసి చూశాము. రబ్బరుతో రుద్ది రుద్ది కాగితాలు చిల్లులు పడినవి. తప్పు ఒక్కటీ లేదు. ఆ పుస్తకం చూసి మాకు కలిగిన భయం 270 రూపాయలు పోయిననాడు కూడా కలుగలేదు.

మన సంఘం గదిలో ఆదివారం ఉదయం పిల్లలకు లెక్కలు చెప్పే మాస్టారును మీరందరూ ఎరుగుదురు. తమ పేరు ఎత్తవద్దని ముందే ఆంక్ష పెట్టారు కనుక ఎత్తము. ఆ ఆదివారం మాస్టారు అదే లెక్క ఇచ్చారు. మా అమ్మాయి మళ్లీ ఐదింట రెండే రాసినది. మాస్టారు వంగి చూసి, "ఎలా వచ్చిందమ్మా?" అన్నారు. అనగానే పిల్ల చేయి రబ్బరు మీదికి పోయినది. మాస్టారు ఆ రబ్బరును తన గుప్పిట్లో పెట్టుకుని, "తప్పని నేను అనలేదే. ఎలా వచ్చిందో చెప్పమన్నాను, అంతే" అన్నారు.

పిల్ల ఇంగ్లీషులో మొదలుపెట్టి ఆగిపోయినది. "తెలుగులోనే చెప్పమ్మా" అన్నారు. అప్పుడు చెప్పినది. "ఒక పరీక్షలో రెండు మార్కులకు ఒకటి వచ్చింది. ఇంకో పరీక్షలో మూడు మార్కులకు ఒకటి వచ్చింది. రెండూ కలిపితే ఐదుకు రెండే కదా సార్?"

మేము గుమ్మంలో చెప్పులు విడుస్తూ వింటున్నాము. మా కాళ్లు అక్కడే ఆగిపోయినవి. ఆ పిల్ల చెప్పినదాంట్లో తప్పేమున్నది? మార్కుల లెక్కలో అది అక్షరాలా నిజము. మేము చించి పారవేసిన కాగితంలో ఇంత ఆలోచన ఉన్నదని మాకేమి తెలుసు!

మాస్టారు, "మార్కులకు నీ లెక్క సరే. ఇప్పుడు ఒకే దోసె ఉన్నదనుకో. అర దోసె తిన్నావు. తరువాత అదే దోసెలో మూడోవంతు తిన్నావు. మొత్తం ఐదింట రెండు వంతులు తిన్నానంటున్నావు. అది అరకంటె ఎక్కువా, తక్కువా?" అని అడిగారు. పిల్ల వేళ్లమీద చూసుకున్నది. ఐదింట రెండున్నర అయితే సగం, రెండు దానికంటె తక్కువ. ఒక్కసారిగా నవ్వు వచ్చినది. "ఇంకా తింటే తిన్నది తగ్గిపోయింది సార్!" అన్నది. మరి మార్కులకు సరిపోయినది దోసెకు ఎందుకు సరిపోలేదని మాస్టారు అడిగారు. అక్కడ అరగంట పట్టినది. పరీక్షలు రెండు వేరు వేరు, ఒకటి రెండు మార్కులది, మరొకటి మూడు మార్కులది. దోసె మాత్రం ఒక్కటే. దానిని ఒకే కొలత ముక్కలుగా కోయాలి. పిల్ల గుండ్రం గీసి, గీతలు గీసి, ఆరు ముక్కలు చేసి, మూడూ రెండూ ఐదు ముక్కలని లెక్కపెట్టుకున్నది. ఆరింట ఐదు. మాస్టారు జవాబు చెప్పలేదు, చెప్పవలసిన అవసరమూ రాలేదు.

తరువాత మాస్టారు తన పుస్తకాలు కొన్ని మాకు చూపించి, అర్థం కానిచోట విప్పి చెప్పారు. మాకు పట్టుబడినంత మనవి చేస్తాము.

మన ఆలోచనను మనమే పక్కన నిలబడి చూసుకోవడానికి అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుడు జాన్ ఫ్లావెల్ 1970లలో మెటాకాగ్నిషన్ అని పేరు పెట్టారు. పేరు కొత్తదే గాని పని పాతది. అంతకుముందే 1945లో జార్జి పోల్యా అనే హంగేరీ గణితవేత్త లెక్క చేయడం ఎలాగో చెబుతూ ఒక చిన్న పుస్తకం రాశారు. లెక్కను అర్థం చేసుకోవడం, దారి ఆలోచించుకోవడం, ఆ దారిన నడవడం, నడిచాక వెనక్కి తిరిగి చూడడం, ఇవీ ఆయన చెప్పిన నాలుగు మెట్లు. మనమంతా మూడో మెట్టుమీదే పుట్టి మూడో మెట్టుమీదే పెరిగినవారము. నాలుగో మెట్టు ఉన్నదని మాకు ముప్పైఏళ్లు దాటాక తెలిసినది.

ఈ పోల్యా 1887 డిసెంబరు 13న బుడాపెస్టులో పుట్టారు. సరిగా తొమ్మిది రోజులకు, డిసెంబరు 22న, మనకు సేలం దాటితే వచ్చే ఈరోడులో శ్రీనివాస రామానుజన్ పుట్టారు. రామానుజన్ 1912లో మద్రాసు పోర్టుట్రస్టులో నెలకు 30 రూపాయల జీతంమీద గుమాస్తాగా చేరారు. మాటవరసకు మా కులంవాడే అని చెప్పుకుని సంతోషిస్తుంటాము. 1913 జనవరిలో ఆయన కేంబ్రిడ్జిలోని హార్డీకి ఉత్తరం రాస్తూ తాను కనుగొన్న ఫలితాలెన్నో పంపారు. హార్డీ ఫిబ్రవరిలో జవాబు రాస్తూ మెచ్చుకున్నారు, వెంటనే నిరూపణలు పంపమని అడిగారు. అంటే, ఎలా వచ్చినదయ్యా అని. గమనించండి, అంతటివాడిని అడిగిన ప్రశ్న కూడా అదే. పైగా ఆ ఫలితాలలో చాలా భాగం సరియైనవే.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది, దానిమీద కొంచెం ఆగాలి. తప్పు చేసినప్పుడే "ఎలా వచ్చింది" అని అడిగితే, పిల్లలకు ఆ మాట "తప్పు" అనే మాటకు మారుపేరవుతుంది. మా అమ్మాయి చేయి రబ్బరు మీదికి పోయినది అందుకే. మాస్టారు సరియైన లెక్కకు కూడా అంతే శ్రద్ధగా, అదే గొంతుతో అడుగుతారు. మొదటి రెండు వారాలు పిల్లలు సరియైన జవాబులు కూడా చెరిపివేశారట. మూడో వారంనుండి చెరపడం మానేసి చెప్పడం మొదలుపెట్టారు. కొందరికి జవాబు సరిగానే వచ్చి, దారి మాత్రం తప్పుగా ఉన్నట్లు అప్పుడు బయటపడినది. ఉత్త జవాబు చూసి మార్కు వేస్తే అది ఎప్పటికి బయటపడేది?

కడప జిల్లా కల్లూరువారు లక్కోజు సంజీవరాయశర్మగారు (1907–1997) పుట్టుకతో చూపు లేకపోయినా గణితావధానాలు చేసి దేశమంతా మెప్పు పొందారు. అటువంటివారికి చేతులెత్తి మొక్కుతాము. కాని అవధాన సభ వేరు, తరగతి గది వేరు. ఎంత వేగంగా చెప్పాడనేదే తరగతిలోనూ కొలత అయితే, మెల్లగా ఆలోచించే పిల్ల తనకు బుర్రే లేదని తీర్మానించుకుంటుంది.

కాలిఫోర్నియాలో అలన్ షోన్‌ఫెల్డ్ అనే ఆచార్యుడు కళాశాల విద్యార్థులు లెక్క చేస్తుండగా వీడియో తీసి చూశారు. చాలామంది ప్రశ్న చదవడం, తోచిన దారి పట్టడం, ఇక గుడ్డెద్దు చేలో పడ్డట్టు అదే దారిన చివరిదాకా పోవడం. అదే ఒక గణితవేత్తకు లెక్క ఇస్తే, ఎక్కువ సేపు ఆలోచనలోనే గడిపి, మధ్య మధ్య ఆగి, ఇది పనికివచ్చే దారేనా అని తనను తాను ప్రశ్నించుకున్నాడు. అందుచేత ఆ ఆచార్యుడు తరగతిలో తిరుగుతూ మూడే ప్రశ్నలు అడిగేవారట. ఏమి చేస్తున్నావు? ఎందుకు చేస్తున్నావు? అది నీకు ఎలా పనికివస్తుంది? మొదట్లో ఎవరూ జవాబు చెప్పలేకపోయారు. ఎలాగూ అడుగుతారని తెలిశాక, ఆయన రాకముందే తమలో తాము అడుగుకోవడం అలవాటైనది.

అమెరికాలో 1983లో వెలువడిన జాతీయ పరీక్ష ఫలితాలలో పదమూడేళ్ల పిల్లలకిచ్చిన లెక్క ఒకటి ప్రసిద్ధమైనది. ఒక బస్సుకు 36 మంది సైనికులు పడతారు, 1128 మందిని చేర్చడానికి ఎన్ని బస్సులు కావాలి? భాగహారం సరిగా చేసినవారు నూటికి 70 మంది. 32 బస్సులని చెప్పినవారు నూటికి 23 మందే. 29 మంది "31 బస్సులు, శేషం 12" అని రాశారు. మా రైల్వేలో అలా లెక్క కడితే పన్నెండు మంది ప్రయాణికులను ప్లాట్‌ఫారంమీద వదిలి బండి కదిలించినట్లే. ఇదే లెక్కను మాస్టారు మన పిల్లలకు ఇచ్చి, తరువాత, "ఈ జవాబు ఇంటికి వెళ్లి మీ అమ్మకు చెబితే నమ్ముతుందా?" అని అడిగారు. ఒక కుర్రవాడు ఆలోచించి, "మా అమ్మ ఆ పన్నెండు మంది సంగతేమిటిరా అంటుంది సార్" అన్నాడు.

తప్పులకు కూడా ఒక పద్ధతి ఉంటుందని 1978లో బ్రౌన్, బర్టన్ అనే ఇద్దరు పరిశోధకులు చూపించారు. మన గదిలోనే చూశాము. 502 లోంచి 267 తీసివేయమంటే ఒక పిల్లవాడు 365 అన్నాడు. తెలివిలేక గాదు. ప్రతి నిలువు వరుసలోనూ పెద్ద అంకెలోంచి చిన్న అంకెను తీస్తాడు, ఏది పైన ఉన్నా సరే. ఐదులోంచి రెండు, ఆరులోంచి సున్న, ఏడులోంచి రెండు. ఎంత శ్రద్ధగా చేస్తే అంత శ్రద్ధగా తప్పుతాడు. వాడికి ఇంకో వంద తీసివేతలిచ్చి ఏమి లాభం? చేసిన మూడు లెక్కలు పక్కపక్కన పెట్టి, "నీ చేయి ఏమి చేస్తున్నదో నువ్వే చూడు" అన్నారు మాస్టారు. వాడే కనిపెట్టాడు. ఇప్పుడు ఎవరైనా ఆ పొరపాటు చేస్తే పిల్లలు దానిని వాడి పేరుతోనే పిలుస్తారు, వాడు దానికి గర్వపడుతున్నాడు కూడా.

తల్లులు కొందరు మాతో అన్నారు, బడిలో నలభై మంది పిల్లలుంటారు, పాఠాలు ముగించాలి, ఒక్కొక్కరినీ ఎలా వచ్చిందని అడుగుతూ కూర్చుంటే పరీక్షకు ఎవరు తయారుచేస్తారని. న్యాయమైన మాటే. బడి అయ్యవార్లకు ఉన్న బరువు మనకు లేదు. మాస్టారు దీనికి రోజుకు ఒక్క లెక్క చాలునంటారు. ఆ ఒక్క లెక్కకు మాత్రం చేయకముందు "సుమారు ఎంత రావచ్చు" అని, చేశాక "నీకెంత నమ్మకం" అని, చివర "ఎలా వచ్చింది" అని అడగాలి. మిగతావి మామూలుగా చేయించవచ్చు. చెన్నైలో గణిత విజ్ఞాన సంస్థకు చెందిన ఆర్. రామానుజం అధ్యక్షతన 2005 జాతీయ పాఠ్యప్రణాళిక కొరకు లెక్కల బోధనమీద ఒక పత్రం తయారైనది. పిల్లల ఆలోచనే గణితపు తీరుకు అలవాటుపడడం లెక్కల చదువుకు ముఖ్యోద్దేశమని అందులో ఉన్నది. కాగితంమీద ఉన్నది గదిలోకి రావడమే ఆలస్యం.

ఇక మన పిల్లలకు మాత్రమే ఉన్న ఇబ్బంది ఒకటి. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలో చాలామందికి ఇంగ్లీషు. 2006 నాటి చట్టం వచ్చాక ఈ రాష్ట్రంలో బడి పిల్లలందరూ పదవ తరగతి వరకు తమిళం చదవాలి. చదవవలసినదే, ఏ నేల నీరు తాగుతున్నామో ఆ భాష రాకుండా ఎలా? అయితే లెక్కను ఒక భాషలో విని, ఇంకో భాషలో ఆలోచించి, మూడో భాషలో జవాబు చెప్పవలసినప్పుడు పిల్లకు తన ఆలోచన తనకే అందకుండా పోతుంది. ఇంగ్లీషులో "త్రీ బై ఫోర్" అంటే రెండు అంకెలే వినబడతాయి. తెలుగులో "నాలుగింట మూడు" అంటే ముందు నాలుగు ముక్కలు కోసి తరువాత మూడు తీసుకున్నట్లు కళ్లకు కడుతుంది. తమిళంలోనూ వరుస ఇదే, నాలుగే ముందు వస్తుంది. జవాబు ఏ భాషలో రాసినా, ఎలా వచ్చిందో చెప్పేటప్పుడు మాత్రం నోటికి వచ్చిన భాషలో చెప్పనివ్వండి.

లెక్కలు తెలుగులో చెప్పడం కొత్త సంగతి కాదు. తొమ్మిదో శతాబ్దంలో రాష్ట్రకూటుల కాలాన మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన గణితసారసంగ్రహాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాలలో పెట్టాడు. మహావీరాచార్యుడి గ్రంథాన్ని మద్రాసులో రంగాచార్యులవారు ఇంగ్లీషు అనువాదంతో 1912లో అచ్చువేయించారు. అంతటి మహావీరాచార్యుడు సైతం ఒక సంఖ్యను సున్నతో భాగిస్తే మారదని రాశాడు. అది తప్పు. మాస్టారు ఈ సంగతి చెప్పిన రోజున పిల్లల ముఖాలు చూడవలసినది! ఒకరైతే, "ఆయన్ను ఎలా వచ్చిందని ఎవరూ అడగలేదా సార్?" అన్నారు.

మా అమ్మాయి సంగతి చెప్పి ముగిస్తాము. పోయిన నెల ఒక రాత్రి అన్నాల దగ్గర ఆ 270 రూపాయల కథ చెబుతుంటే, "తొమ్మిదే ఎందుకు నాన్నా? ఎనిమిదితో ఎందుకు భాగించలేదు?" అన్నది. ఇన్నేళ్లుగా ఆ చిట్కా వాడుతున్నాము, ఎందుకో మాకు తెలియదు. తెలియదనే చెప్పాము. ఆ మాట పిల్లతో అనడం మాకదే మొదలు. ఎంగిలి చేతులు కడుక్కుని ఇద్దరమూ కాగితం ముందు కూర్చున్నాము. చాలాసేపటికి తానే అన్నది: "మూడు ఒకట్ల గదిలోంచి పదుల గదిలోకి పోతే ముప్పై అవుతుంది. ఇరవై ఏడు పెరిగింది, అంటే మూడు తొమ్మిదులు. ఆరు పదుల గదిలోంచి దిగితే అరవై కాస్తా ఆరు అవుతుంది. ఆరు తొమ్మిదులు పోయాయి. పెరిగేదీ తొమ్మిదులే, తగ్గేదీ తొమ్మిదులే నాన్నా!" కచేరీకి వెళ్లి పక్క సీటు పెద్దాయనకు చెప్పాము. ముప్పై ఏళ్ల సర్వీసులో ఈ సంగతి ఎవరూ చెప్పలేదయ్యా అన్నారు.

అంతటితో వదలలేదు. మూడంకెల సంఖ్యలో మొదటి అంకె, చివరి అంకె తారుమారైతే తేడా దేనితో భాగిస్తే పోతుందని అడిగినది. రేపు చూద్దామని తప్పించుకున్నాము. ఆ రేపు గడిచి మూడు వారాలైనది. కాగితం ఇంకా బల్లమీదే ఉన్నది, తీరికైనప్పుడు ఒకరు ఒక వరుస చేరుస్తున్నాము. కొట్టివేతలే ఎక్కువ. సభలో ఎవరికైనా జవాబు తెలిసి ఉంటే, దయచేసి మిఠాయి పంచేవేళ మా అమ్మాయితో చెప్పవద్దని మనవి. మాతో కూడా చెప్పవద్దు.

సెలవు.